పిట్ట ముట్టని అన్నం

అన్న చనిపోయి ఏడాది నిండిన రోజు, కృష్ణ ఒడ్డున తండ్రి, కూతురు విస్తరి ముందు నిలబడ్డారు. బండ మీది కాకి వాళ్లనే చూస్తోంది గాని అన్నం ముట్టడం లేదు.

"వానికేదో కోరిక మిగిలింది బిడ్డా. ఇంటర్‌ల నువ్వు గూడ ఐఐటీ బ్యాచే తీసుకుంటనని చెప్పు."

"ఐఐటీ బ్యాచే తీసుకుంట అన్నా. నువ్వు ఇడిసిపెట్టిన లెక్కలు నేను చేస్త."

కాకి కదల్లేదు.

"జర గట్టిగ చెప్పు. ఇనలేదేమో."

"ఇన్నడు నాయినా. నా దిక్కు సూస్తలేడు, నీ దిక్కే సూస్తుండు."

"నా దిక్కెందుకు? వానికిష్టమని కోడికూర వండించిన, కొత్త అంగీ పెట్టిన. ఇంకేం గావాలె?"

"హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా నిన్ను ఒక్కటే అడుగుతుండె. దానికి నువ్వు ఊ అనలే."

తండ్రి కాకి వైపు తిరిగాడు. తర్వాత వచ్చిన గొంతు, అన్నతో ఫోన్‌లో మాట్లాడే గొంతు. ఏడాదిగా ఆమె వినని గొంతు.

"సరే కొడుకా. ఏడవకు. రేపే వచ్చి నిన్ను మామూలు బ్యాచ్‌లకు మార్పిస్త."

అన్నాడో లేదో, కాకి బండ దిగి వచ్చి అన్నం ముట్టింది.