మేడ మీద జీడిపిక్కల పొగ

నాను ఇంతవరకూ ఏదీ రాయనేదు సిన్నీ. అయిదో తరగతితో బడి మానీసినాను. ఆ తరవాత నా సేత్తో రాసిందంటే సంతకమే, అదీ బేంకులో రెండుసార్లు పెట్టమంటే రెండూ రెండు రకాలుగా వొచ్చినాయి. మొన్న నువ్వు సెలవలకొచ్చినప్పుడు, "అత్తా, అమ్మ హైదరాబాదు వెళ్ళిన కొత్తలో నువ్వే కదా పక్కనున్నావు, అప్పుడెలా ఉండేది చెప్పవా" అని అడిగినావు. నాను నోరు తెరిసేలోగా మీ అమ్మ, "అవన్నీ ఇప్పుడెందుకు వదినా" అని కాఫీ గలాసులు అందుకోమన్నాది. అందుకే రాత్తన్నాను. తప్పులుంటే నువ్వు నవ్వుకో గానీ మీ అమ్మకి సూపించకు. ఎర్రపెన్ను తీసి దిద్దీగలదు.

మీ అమ్మకి అప్పుడే బియ్యీడీ అయిపోనాది. గవర్మెంటు టీచరు పోస్టులు ఇదిగో పడతాయి, అదిగో పడతాయి అని టెక్కలి కోచింగుకి తిరిగినాది తిరిగినాది, బస్సు కండట్రు మొహం గుర్తుపట్టీసినాడు గానీ పోస్టు మాత్రం పడనేదు. ఆఖరికి తనతో సదివిన పిల్లెవర్తో ఐదరాబాదులో ప్రైవేటు స్కూల్లో ఖాళీ ఉందని ఉత్తరం రాత్తే, ఎల్తానని పట్టుబట్టీసినాది. మీ తాత అప్పటికే నేరు కదా, ఇంటికి పెద్ద మీ మావే. ఆయన కొబ్బరికాయలు లెక్కెట్టుకుంటూ లెక్కెట్టుకుంటూ, సెల్లెలి వేపు సూడకుండానే సెప్పినాడు:

"ఎల్లు. వొద్దన్నానా? నాల్రోజులు పోనాక మీ వదిన వొచ్చి సూత్తాది. తేడా ఏటైనా కనిపించిందా, వెనక్కి తీసుకొచ్చీత్తాది. సంతబొమ్మాళి సంబంధం మాత్రం నాను ఒదులుకోను."

అంటే ఏటి, పిల్ల మీద కాపలా నాను! సూడు మీ మావ తెలివి. పలాస టేసన్లో పట్టాలు దాటాలంటే ఆయన సొక్కా పట్టుకునేదాన్ని, నన్ను పోలీసునాగ ఐదరాబాదు పంపినాడు. నాకప్పటికి పిల్లాజెల్లా నేరు, ఊరికే ఉందనుకున్నాడు కామోసు. ఊరికే! గొడ్ల కాడ ఎవరు, జీడితోటలో పిక్కలేరేది ఎవరు అని నాను అడగనేదు. అప్పట్లో నాను ఏదీ అడిగేదాన్ని కాదు.

దసరా ఎల్లినాక ఎల్లినాను. ఉత్తసేతుల్తో ఎల్లకూడదు కదా, మన తోటలో జీడిపిక్కలు సంచీడు పట్టుకెల్లినాను. పప్పు కాదు, పిక్కలే, పెంకుతో ఉన్నవి. నీకు తెల్దు గానీ, జీడితోటలున్నోళ్ళం మేము పప్పు తినేవోళ్ళం కాదమ్మా, పిక్కలు అమ్మేవోళ్ళం. పప్పు తినడమంటే పెళ్ళి పాయసంలోనే, అదీ మన వంతు గరిటెలో పడితే.

టేసన్లో మీ అమ్మని ముందు నాను గుర్తుపట్టనేదు. భుజానికి సంచీ, బేగి బేగి నడక. మాట కూడా మారిపోనాది. "వదినా, ఇక్కడ ఏటీ గీటీ అనకండి, ఏంటి అనండి" అన్నాది. నన్ను అండీ అన్నాది సిన్నీ! నా పెళ్ళిలో నా కొంగట్టుకుని తిరిగిన పిల్ల. ఆ రోజంతా నాకు ఎవరింటికో సుట్టపుసూపుగా వొచ్చినట్టుండిపోనాది.

గది మేడ మీద. కిందన అన్నీ అద్దెవాటాలు, మజ్జిలో ఓనరమ్మ. ఎదురెదురు గుమ్మాలే గానీ ఒకరి మొహం ఒకరికి తెల్దు. మనూల్లో కొత్త కుక్కొచ్చినా ఎవరిదని ఆరా తీత్తారా, అక్కడ మనిసొచ్చినా తలుపు తియ్యరు. మీ అమ్మ అందరికీ తనది వైజాగని సెప్పుకున్నాది. "ఉద్దానం అంటే వీళ్ళకి తెలీదు వదినా" అన్నాది. సెప్తే కదా తెలుత్తాది, అని నాను అననేదు, అనుకున్నాను. పిక్కల సంచీ సూసి, "ఇవి ఇక్కడ ఎవరికివ్వగలం" అని మంచం కిందకి తోసీసినాది.

సాయంత్రాలు మేడ మీదకి, మీ అమ్మ కాడకి, ఆ మేడలో పిల్లలే ట్యూషనుకొచ్చేవోరు. ఓనరమ్మ మనవడు కూడాను. ఆరి పుస్తకంలో సెట్ల పాఠం ఒకటొచ్చినాది. జీడిపప్పు ఎక్కడినుంచొత్తాదని మీ అమ్మ అడిగితే, ఒకడు పేకెట్లోంచి అన్నాడు. ఒక పిల్ల, పండు కోత్తే లోపలుంటాదన్నాది. మీ అమ్మ, కాదు, పిక్క పండుకి బయట, అడుగున వేలాడతాదని సెప్పినాది. పిల్లలంతా పకపకా నవ్వినారు. "మిస్ జోక్ చేస్తున్నారు" అన్నాడు ఓనరమ్మ మనవడు.

మీ అమ్మకి ఎక్కడో తగిలినాది. ఆ ఊరొచ్చినకాడినుంచీ అన్నీ నేర్సుకోడమే దాని పని. మాట నేర్సుకోవాల, నడక నేర్సుకోవాల. తనకి పుట్టుకతో తెలిసిన ముక్క ఒక్కటి సెప్తే, అది జోకైపోనాది.

"ఆదివారం రండి. సూపిత్తాను" అన్నాది. ఆ "సూపిత్తాను" దానికి తెలీకుండానే నోట్లోంచి జారిపోనాది, నాను ఇన్నాను.

ఆదివారం మేడ మీద మూడు ఇటికలు పెట్టినాను. మూలనున్న పాత రేకుకి మేకుతో బెజ్జాలు కొట్టినాను. ఇరిగిపోన పళ్ళపెట్టె ముక్కలు మంటకి. మంచం కింద పిక్కలు తెచ్చి రేకు మీద పోసినాను. పిల్లలంతా సుట్టూరా. పొగొత్తాదని మాకు తెల్దా అని నువ్వడగొచ్చు. పుట్టినకాడినుంచీ పీల్సిన పొగే, అందుకే గుర్తు రానేదు. మనూల్లో ఆ పొగ లేత్తే ఎవరింటికో అల్లుడొచ్చినాడనుకుంటారు, అంతే. మీ అమ్మది బియ్యీడీ, నాది అయిదు, పొగ కాడ మాత్రం ఇద్దరిదీ ఒకటే సదువు.

పిక్కల నూని కారి భగ్గుమన్నాది. నల్లటి పొగ, కల్లు మండిపోయే పొగ, గాలేమో కిందకి. ఓనరమ్మ అటుపక్క దుప్పటి మీద ఎండబెట్టిన వడియాలు అప్పటిదాకా తెల్లగా ఉన్నాయి పాపం. దండేల మీద బట్టలు సరేసరి. అన్ని తలుపులూ ఒక్కసారే తెరుసుకున్నాయి! ఒకాయన బకెట్టు పట్టుకుని పరిగెట్టుకొచ్చినాడు, అందులో నీల్లు నేవు. మెట్ల మీద ఇంకొకాయన్ని గుద్దీసి, "మీరెక్కడుంటారండీ?" అంటే, ఆయన, "మీ ఎదురింట్లోనే" అన్నాడు. ఆ మేడలో మనుసులు ఒకర్నొకరు సూసుకున్నది ఆ పూటే. మా పున్నెమే అనుకో.

"ఏందమ్మా ఇది? ఇల్లు తగలవెడ్తరా ఏంది?" ఓనరమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అరిసినాది. అప్పుడే ఆవిడ మనవడు "అమ్మా" అని ఏడుపు. మేము సూడకుండా సగం కాలిన పిక్క కొరికీసినాడు, పెదవి మీద నల్లగా బొబ్బెక్కిపోనాది. ఇంకేముంది. "రేపే స్కూలుకొచ్చి అడుగుతాం" అన్నాది ఒకావిడ. "ఇలాంటివాళ్ళా పిల్లలకి చదువు చెప్పేది" అన్నాది ఇంకొకావిడ. "నెలాఖరు దాంక కూడ అక్కర లేదు, ఖాళీ చెయ్యుండ్రి" అన్నాది ఓనరమ్మ. "వైజాగన్నవు గద. వైజాగుల గిట్లనే పొగ వెడ్తరా?"

మీ అమ్మ ఆ రేకు కాడే తల దించుకుని నిలబడిపోనాది. ఎందుకొచ్చినాదో నాకే తెల్దు, నా నోట్లోంచి మాటొచ్చీసినాది.

"వైజాగు కాదమ్మా. ఉద్దానం. మందస దగ్గర."

మీ అమ్మ నా వేపు సూసిన సూపు ఇప్పుడు కూడా కనిపిత్తాది నాకు. అంతమందిలో దాని సీర కొంగు నాను లాగీసినట్టు సూసినాది.

నాకు ఏం సెయ్యాలో తోసక, పిల్లడి పెదవికి కొబ్బరినూని రాసి, సేతులకి బూడిద రాసుకుని, కాలిన పిక్కలు రాయెట్టి కొట్టడం మొదలెట్టినాను. ఊరికే కూకోడం సేతకాదు కదా. ఏడిగా ఒక్కో పప్పు బయటికొత్తంటే పిల్లలు ఏడుపు మరిసిపోయి సేతులు సాపినారు. "మమ్మీ, నిజంగానే దీంట్లోంచే వస్తోంది! మిస్ జోక్ కాదు!" అన్నాది ఆ పండు కోత్తే లోపలుంటాదన్న పిల్ల. ఆళ్ళమ్మ ఒకటి నోట్లో ఏసుకున్నాది, ఎలాగుందో సూద్దామని. తరవాత ఇంకొకావిడ. తిట్టడం మాత్రం ఆపనేదు సుమా. తిడతన్నారు, తింటన్నారు. బొబ్బెక్కిన పిల్లడు కూడా రెండో దవడ వేపు నవులుతున్నాడు. ఓనరమ్మ అయితే "మా ఆయనకి" అని గుప్పెడు కొంగున కట్టుకుని దిగినాది, దిగుతూ మళ్ళీ ఖాళీ మాట గుర్తుసేసి మరీ.

అందరూ ఎల్లిపోనాక మీ అమ్మ మంచం మీద కూలబడి ఏడ్సినాది.

"ఏటి వదినా ఇలాగైపోనాది. ఇంక నానిక్కడ ఉండనేను. అన్నయ్యకి ఫోన్ సేసీ, ఎల్లిపోదాం. ఆ సంతబొమ్మాళోడినే సేసుకుంటాను."

అండీ నేదు, ఏంటీ నేదు. మా పిల్ల మాకు దొరికీసినట్టయినాది. అదేటి యోగమో, పిల్ల దొరికిన పూటే పిల్ల ఓడిపోనాది. ఎంత తేలికో సూడు నాకు! మీ మావ సెప్పిన తేడా వొచ్చీసినాది, పిల్లే ఎల్దామంటన్నాది. సంచీ సర్దుకుంటే నా కాపలా అయిపోతాది.

దీపాలెట్టేవేల ఓనరమ్మ మెట్లెక్కి వొచ్చినాది. మీ అమ్మ కల్లు తుడుసుకుని లెగిసినాది.

"ఖాళీ చేసుడైతే చేసుడే" అన్నాది ఓనరమ్మ గుమ్మంలోనే నిలబడి. "గా లోపల మా చెల్లె బిడ్డ పెండ్లున్నది. గసొంటి పప్పు అయిదు కిలోలు తెప్పిస్తరా మీ ఊరి నుంచి? షాపుల దొరికేదాంట్ల గా రుచి లేదు."

ఆవిడెనకాలే, స్కూలుకొచ్చి అడుగుతానన్నావిడ. మెట్ల మీద నిలబడి, "మాకు రెండు కిలోలండీ" అన్నాది, ఓనరమ్మకి ఇనిపించకుండా. స్కూలు మాట ఎత్తనేదు.

మీ అమ్మకి అదేటీ తలకెక్కనేదు, మళ్ళీ పడుకున్నాది. నాను మాత్రం ఆలోసించినాను. ఖాళీ సెయ్యమన్నావిడే పప్పొచ్చేదాకా ఉండమంటన్నాది. పప్పు మన సేతిలో ఉన్నాది. పెళ్ళిళ్ళు ఏడాదికొక్కటితో ఆగవు కదా.

మన్నాడు పొద్దున్న మీ అమ్మ దుప్పటి ముసుగు తియ్యనేదు. దాని సీర దండెం మీంచి తీసి, మసి దులిపి, మంచం మీద పడీసినాను.

"లెగు. బస్సు ఎల్లిపోతాది."

"ఏ మొహం పెట్టుకుని ఎల్లను వదినా?"

"ఉన్న మొహమే పెట్టుకుని ఎల్లు. ఉద్దానం మొహం. నిన్న అందరూ సూసీసినారు, ఇంక దాసీది ఏటుంది?"

ముసుగు తీసినాది. తరవాత లెగిసినాది. జడేసుకుంటూ నన్ను తిట్టినాది కూడాను, నీ నోరు ఊరుకోదేటి అని. నా నోరంట! నా జన్మలో నన్ను ఆ మాటన్న మనిసి నేదు. కల్లు వాసి, అలాగే బస్సెక్కినాది.

అది ఎల్లినాక నాను సందు సివరి ఎస్టీడీ బూతుకెల్లి, పలాసలో మీ మావ కొబ్బరికాయలేసే కొట్టుకి ఫోన్ సేయించుకున్నాను. మీ మావ లైన్లోకొచ్చినాడు.

"ఏటే, తేడా ఏటైనా ఉందేటి?"

"ఉంది" అన్నాను. "ఇక్కడ ఓనరమ్మకి అయిదు కేజీలు పప్పు కావాలంట. కింద ఇంటోల్లకి రెండు. గుండుపప్పే పంపించు, రెండుగా ఇరిగిన బద్ద వొద్దు."

"పప్పు కాదే నానడిగింది. పిల్ల సంగతి."

"పిల్లేటి, టీచరమ్మ. స్కూలుకెల్లినాది. సంతబొమ్మాళోల్లకి ఇంకెవుర్నైనా సూసుకోమని సెప్పీ" అన్నాను.

ఆయన "నువ్వెవర్తివే సెప్పడానికి" అని మొదలెట్టినాడు. నాను ఫోన్ పెట్టీసినాను.