ఇంటి లేత్ సార్ – శ్రీ భూక్యా తుల్సీరాం

1988 ఆగస్టు 17వ తేదీన జనగామ పారిశ్రామిక శిక్షణ సంస్థలో టర్నర్ విభాగపు సహాయ శిక్షకులుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ భూక్యా తుల్సీరాం గారు, మూడున్నర దశాబ్దాలకు పైబడిన నిర్విరామ సేవానంతరం, ఈ నెలాఖరున మన మహబూబాబాద్ సంస్థ నుంచి పదవీ విరమణ చేయనున్నారు. నర్సింహులపేట సమీపాన ఒక తండాలో, ఇంట లంబాడీ, బడిలో తెలుగు వింటూ పెరిగిన వారు, ఏటా కోతల కాలంలో కూలికై వలసపోయే తండ్రి సేవ్యా గారి వెంట పొరుగు రాష్ట్రాల చెరకు తోటల దాకా వెళ్లివచ్చి, ఆ నడుమనే చదువు నిలుపుకొని వృత్తివిద్యా పట్టా అందుకున్నారు.

జనగామలో వారికి లభించిన మహాభాగ్యం మాన్‌సింగ్ గారి సాన్నిహిత్యం. రైల్వే కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి పొందిన ఆ పెద్దాయన, ఇంటి ముందు రేకుల కింద, లోహాన్ని తిప్పుతూ చెక్కే సొంత లేత్ యంత్రం పెట్టుకొని ఊరివారి మోటార్లు బాగుచేసేవారు. ఒక సాయంత్రం ఆయన బూడిదరంగు కడ్డీ ముక్కనొకదాన్ని తుల్సీరాం గారి అరచేతిలో పెట్టారు.

"అయస్కాంతం పెట్టి చూడు తమ్మీ. జర సుత అంటదు. ఇనుము గాదు గిది."

కోబాల్టు, క్రోమియం, టంగ్‌స్టన్ కరిగించి పోతపోసిన కోత పనిముట్టు అది. సుత్తికి సాగదు, కొలిమిలో పదునెక్కదు. సానరాయి మీద అరగదీసుకోవడమొక్కటే మార్గం. ఎర్రగా కాగినా దాని వాడి తగ్గదు గానీ, కాగినప్పుడు నీళ్లు తగిలితే పగులుతుంది. బయటికి ఎక్కువ పొడుచుకువచ్చేలా బిగిస్తే విరుగుతుంది. ఇంట్లో పాత యంత్రాల మీద పనిచేసుకునేవారికి ఇంతకంటె నమ్మకమైన తోడు లేదని మాన్‌సింగ్ గారి అభిప్రాయం. బదిలీ మీద జనగామ విడిచిన నాడు తుల్సీరాం గారికి ఆయన ఇచ్చిన కానుక ఆ ముక్కే.

భూపాలపల్లిలో పనిచేసిన కాలంలో తుల్సీరాం గారు పాత సామాన్ల దుకాణం నుంచి తుప్పుపట్టిన లేత్ శరీరాన్నొకదాన్ని కొనుక్కొచ్చి, విడిభాగాలు ఒక్కొక్కటే సమకూర్చుకుంటూ, సెలవు దినాలన్నీ దానికే ధారపోసి నడిపించారు. మహబూబాబాద్‌కు వచ్చినప్పుడు సంసారంతో పాటు ఆ యంత్రమూ లారీ ఎక్కి వచ్చింది. ఆదివారాలు సైకిల్ షాపులవారు, పంపుల మెకానిక్కులు వారింటికి చేరి పని నేర్చుకునేవారు. 'ఇంటి లేత్ సార్' అన్న పేరు అట్లా స్థిరపడింది.

రెండువేల పదకొండులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. రోడ్ల మీదనే వంటావార్పు, రోడ్ల మీదనే బతుకమ్మలు. మన సంస్థ ఉద్యోగులందరూ సమ్మెలో ఉన్నారు. వర్క్‌షాపుకు స్వహస్తాలతో తాళం వేసినది తుల్సీరాం గారే. బస్సులు లేవు, రైళ్లు లేవు. బొగ్గు అందక కరెంటు గంటల తరబడి పోయేది. అటువంటి దినాలలో ఒక ఉదయం, పట్టణంలో చిన్న ప్రసూతి దవాఖాన నడిపే డాక్టర్ గీత గారు సమ్మె డేరాకు వచ్చారు. జనరేటర్‌ను చల్లబరిచే నీటి పంపు ఇరుసు తెగిపోయింది. కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. వచ్చే దారి లేదు.

"నెలలు నిండని పిల్లలు ముగ్గురున్నరు సార్. కరెంటు పోతే వాళ్లకు వెచ్చదనం లేదు. తల్లుల గుండెలకు ఆనించి ఉంచిన. ఒక్కపూట మీ వర్క్‌షాపు తెరవండి."

సమ్మె కమిటీ కన్వీనర్, మన సహోద్యోగి సుభాష్ గారి ముఖం వాడిపోయింది. "మేడం, ఇయ్యాల ఈ తాళం తీస్తే, రేపు ఇంకో ఆఫీసు తాళం తీయమంటరు. సమ్మె ఎట్ల నిలవాలె?"

తుల్సీరాం గారు లేచి నిలబడ్డారు.

"తాళం నేను తియ్య, సుభాషన్నా. సమ్మెలనే ఉంట. కని గా ఇరుసు మా ఇంట్ల చేస్త."

"కరెంటేది అన్నా, నీ లేత్ తిరగనీకి?" అన్నారు సుభాష్ గారు.

అంతలోనే మళ్లీ ఆయనే అన్నారు: "మా బాయి కాడ డీజిల్ ఇంజన్ ఉన్నది. తెస్త పా."

ఇంజన్ వచ్చింది. దాని చక్రం నుంచి లేత్‌కు బెల్టు తగిలించారు. తుల్సీరాం గారి శ్రీమతి సోని గారు ఇంజన్ దగ్గర నిలబడి వేగం చూసుకున్నారు. ఇరుసుకు దొరికిన ఉక్కు పాత ట్రాక్టరుది, మొండిది. మామూలు హైస్పీడ్ స్టీలు పనిముట్టు కాసేపటికే నీలంగా కమిలి మొద్దుబారింది. గట్టిదని కార్బైడ్ ముక్క పెడితే, ఇంజన్ అదురుకు దాని అంచు రాలిపోయింది. అప్పుడు వారు మాన్‌సింగ్ గారి కానుకను పొట్టిగా బిగించి పని మొదలుపెట్టారు. కాగిన ఉక్కు పొట్టు మోచేతుల మీద పడుతున్నా చేయి తీయలేదు. పనిముట్టు మొన ఎర్రబడింది. సోని గారు ఆత్రంగా చెంబు అందుకున్నారు.

"ఎర్రగైతాందయ్యా, నీళ్లు పోస్త!"

"పొయ్యకు సోనీ! పలిగిపోతది. కాగనియ్యి, దానికేం గాదు. నువ్వు ఇంజన్ జర మెల్లగ చెయ్యి."

పొద్దు వాలకముందే ఇరుసు సిద్ధమైంది. దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్న తుల్సీరాం గారిని సుభాష్ గారు మోటార్ సైకిల్ మీద దవాఖానకు చేర్చారు. జనరేటర్ నడిచింది, పిల్లల గదిలో దీపాలు వెలిగాయి.

ముగ్గురిలో ఇద్దరు బతికారు. గట్టమ్మ అనే కూలితల్లి కన్న ఆడపిల్ల మాత్రం తెల్లవారి కన్నుమూసింది.

తుల్సీరాం గారు దవాఖాన మెట్ల మీద డాక్టరు గారిని ఆపారు. "ఇంకొంచెం ముందుగాల అయితే దక్కునా మేడం?" అని అడిగారు. ఊపిరితిత్తులు ఎదగలేదని, ఎవరి చేతిలోనూ లేదని డాక్టరు గారు చెప్పినా ఆ మాట వారికి ఊరటనివ్వలేదు.

రాష్ట్రం సిద్ధించిన 2014 జూన్ సంబరాలలో, అప్పటి ప్రిన్సిపాల్ జగపతి గారు వారిని సత్కరించ సంకల్పించారు. తుల్సీరాం గారు చేతులు జోడించారు. "పిల్ల పోయిన తల్లి గీ ఊర్లనే ఉన్నది సార్. ఆమె ముందట నాకు శాలువ వద్దు." ఆ తరువాత ఎవరెంత అడిగినా వారి మాట మారలేదు. నాటి ఇరుసును గురించి తరగతి గదిలో గానీ, ఆదివారపు శిష్యుల ముందు గానీ వారు ప్రస్తావించగా ఎవరూ వినలేదు. పనిముట్టును ఎట్లా అరగదీయాలో, ఎట్లా బిగించాలో మాత్రం ఓపికగా నేర్పుతూ వచ్చారు.

ఈ సంచిక సిద్ధమవుతుండగా, వీడ్కోలు సభ సంగతి, వారు శాలువ వద్దన్న కారణం తెలిసి గట్టమ్మ గారు తమంతట తాము మన కార్యాలయానికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ దినం నా బిడ్డ కోసం గూడ చేతులు కాల్చుకున్నడు గద ఆ సారు. బతికిన పిల్లలకే చేసిండా? నా పిల్లను గూడ లెక్కల పట్టుకున్నోడు ఆయనొక్కడే. శాలువ మీరు కప్పుడు గాదు, నేను కప్పుత."

ఈ మాట చేరవేసినప్పుడు తుల్సీరాం గారు, "ఆమె కప్పుతనంటె కాదననీకి నేనెవన్ని?" అన్నారు.

ఇకపై నర్సింహులపేటలోనే నివసించి, వచ్చినవారందరికీ పని నేర్పాలని వారి సంకల్పం. సహధర్మచారిణి సోని గారు, కుమార్తె సుమన గారు వెన్నంటి ఉండగా, కంటిచూపు చెదరక, చేతి పట్టు సడలక, మనసులోని ఆ పాత బరువు రోజురోజుకూ తేలికపడుతూ, శ్రీ తుల్సీరాం గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు మన మధ్య వర్ధిల్లాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాము.