సున్నం పడిన బదనిక

హలో… ఆ, నేనే చెంచయ్యా, మీ అత్తను. ఆత్మకూరు పోస్టాఫీసు నుంచి మాట్లాడతా ఉండా… ముందు ఒక్క మాట చెప్పు నాయనా. అమ్మాయి బతికే ఉండాదా?

…ఆ. సరే, సరే. అట్ట కసరబాక. తెల్లారినప్పటి నుంచి కుడికన్ను అదురుతా ఉండాది. అట్టాంటివి నమ్మకూడదని పాస్టరయ్య అంటాడు గానీ, కన్నుకు తెలియదు గదా.

…లేదు, ఇక్కడ ఎవురికీ ఏం కాలేదు. మీ మామకు కాలు పట్టేసి మంచంలో ఉండాడు, అంతే. లేకుంటే నేనే మద్రాసుకు రానా?… ఉదయగిరిలో మొదటి బస్సెక్కినా. జాబులో రాసినట్టే పది గంటలకు చేసినా… అమ్మాయిని ఆస్పత్రి ఫోను దగ్గరికి నడిపించుకొచ్చినావా?… కూర్చోబెట్టినావా. మంచిది.

ఎన్ని దినాలైంది? బిడ్డ పుట్టి, పోయి…

నలభై మూడా.

ఒక్క మాట గూడా అనలేదా, ఇన్నాళ్లకూ?… అన్నం పెడితే తింటాదా?… నీళ్లు పోసుకుంటాదా?… అయితే నోరు ఒక్కటే.

డాక్టరమ్మ ఏమంటాది?… తనంతట తనే పలకాలంటాదా.

…లేదు, ఏడవను. ఏడుపు గూడా రావడం లేదు నాకు. రాయి మాదిరి ఉండాది లోపల.

రిసీవరు దాని చెవికి పెట్టు… మాట్లాడకపోతే పోనీ. నేనే మాట్లాడతా. పెట్టు.

…

రాహేలమ్మా. అమ్మను.

…

వింటా ఉండావా.

…

ఇక్కడ ఎండలు ముదిరినాయి. బావిలో నీళ్లు అడుక్కు పోయినాయి. వెంగమ్మోళ్ల గేదె ఈని—

…అది వద్దులే.

ఈస్టరుకు ఇంటికి సున్నం కొట్టించినాం.

…నీ చెట్టు బాగుండాది. కానుగకు నువ్వు కొబ్బరి పీచుతో కట్టిన బదనిక. మిషన్ దొరసానమ్మ ఆర్కిడ్డు అనేదే, అది. దుర్గం కొండ మీద కట్టెలోళ్లు కొమ్మ నరికితే, ఒళ్లో పెట్టుకుని దింపుకొచ్చినావే. మొగ్గ గూడా వేసింది ఈ ఏడు.

…

…

లేదమ్మా. అబద్ధం. మొగ్గ లేదు, ఏం లేదు.

చెప్పకూడదనే బస్సెక్కినా. ఇది గూడా పోయిందంటే నీకు ఇంకేమవుతుందో అని. దారంతా అదే అనుకుంటా వచ్చినా, చెప్పకూడదు, చెప్పకూడదు అని. నీ ఊపిరి వినపడినాక ఆగలేదు.

…

హుసేనయ్య సున్నం కొట్టినాడు. గోడలైనాక, చెట్ల మొదళ్లకు గూడా రొమ్మెత్తు కొట్టమని చెప్పింది నేనే. మిషన్ కాంపౌండులో మాదిరి శుభ్రంగా కనపడతాదని. ఆయనకు చూపు మందం. కానుగతో పాటు దానికీ కొట్టేసినాడు. ఆకులకు, గాల్లో వేలాడే ఆ లావు వేళ్లకు, అన్నిటికీ. నేను చర్చిలో చాపలు దులపతా ఉండా. వచ్చి చూస్తే కానుగ మొదలూ అదీ ఒకటే తెలుపు. ఏందయ్యా ఇది అంటే, బెరడనుకున్నా తల్లీ అన్నాడు.

కడిగినా… కడిగి, ఆముదం పూసినా.

…

సున్నం కాలితే ఆముదమే గదా పూస్తాం. నీ చిన్నప్పుడు సున్నపు తొట్టిలో చెయ్యి పెడితే అదే పూసినా, తగ్గింది. దీనికీ అట్టే అనుకున్నా. పొద్దునా సాయంత్రం, ఎనిమిది దినాలు. వేళ్లు నల్లబడినాయి. ముట్టుకుంటే తోలు ఊడొచ్చి లోపల నూలుపోగు మాదిరి మిగిలింది. ఆకులు ఒకటొకటే పసుపు తిరిగి రాలినాయి. మీ నాయన పీకి పారేయమన్నాడు. నాకు చెయ్యి రాలేదు.

హుసేనయ్య సున్నానికి పోయేది గాదేమో అది. నా వైద్యానికే పోయిండాది.

…

నెలలు నిండేటప్పుడు నీకు శొంఠి ముద్దలు పంపినా గదా. మన ఊరి మునెయ్య మద్రాసుకొస్తా ఉంటే ఆయనతో పంపినా, బస్సులో. అవి తిన్నందుకే బిడ్డకు అట్ట అయిందేమో అని… డాక్టరమ్మను అడగాలని ఉండాది. అడగాలంటే భయం. నేను ఏది బాగుచేయబోయినా…

…

…

చెంచయ్యా, రిసీవరు జారిపోయిందేమో చూడు.

…హలో?

…

…

ఏందమ్మా?

…ఆ. ఆ, అమ్మనే. ఏమన్నావు, ఇంకోసారి అను.

…

కొనలా? బదనిక వేళ్ల కొనలు పచ్చగా ఉండాయా అనా?… ఉండు, జ్ఞాపకం చేసుకోనీ… ఒకటి పచ్చగా ఉండాది. అడుగు ఆకు రాలిన సందులో నుంచి కొత్తగా వచ్చింది. చిటికెన వేలంత గూడా లేదు. దానికి నూనె అంటలేదు. ఆముదం మానేసినాక వచ్చింది గదా.

…తిట్టు. ఆముదం ఎందుకు పూసినావని తిట్టు, పరవాలేదు.

…

కత్తిని కాల్చాలా… కాల్చి, చల్లారినాక… నల్లనివన్నీ కోసేసి, ఆ పచ్చది ఒక్కటే ఉంచాలా… కోసిన చోట బొగ్గు పొడి… మన పొయ్యిలో బొగ్గు పనికొస్తాదా?… నీళ్లు? రెండు దినాలు చూపించకూడదా. సరే… నీడన. సరే… నిదానంగా చెప్పమ్మా, నీ గొంతు బొంగురు పోయిండాది.

…

ఏంది?… ఆ శొంఠి ముద్దలా?

…

తినలేదా నువ్వు. ఒక్కటి గూడా తినలేదా… వేవిళ్లు తగ్గలేదని చెంచయ్యే తినేసినాడా.

…

లేదు, ఏడవడం లేదు. ఊరికే. నువ్వు చెప్పు, బొగ్గు పొడి చల్లినాక ఏం చెయ్యాల?

— అయ్యా, పోస్టుమాస్టరయ్యా, టైమయిందని తెలుసు. లైను తీయబాకండి. నా బిడ్డ మాట్లాడతా ఉండాది.