క్లెమ్ బిగించిన సీటు

మేఘమైనా లేని ఆకాశం కింద వరద వచ్చింది. ఎక్కడో ఉత్తరాన కురిసిన నీరు క్వీన్స్‌లాండ్ పడమటి మైదానాల మీద పాయలుపాయలుగా, నిద్ర కనురెప్పల మీదికి దిగినంత మెల్లగా పరుచుకొంటున్నది. ఆ నీటికి ఆవల పశువుల కాపరుల శిబిరంలో నెరిడా తమ్ముడు చిక్కుకొన్నాడు. ఎండ వాలగానే పిండీ, టీపొడీ, మందులూ ఆమె తన చిన్న విమానంలో అక్కడికి చేర్చాలి.

కాని ఆమె మనసు సీటు మీదనే ఉన్నది. సీట్లు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు అరిగితే, వాటిని మార్చడానికి ముందుసీట్లు రెండూ ఊడదీసి, మళ్లీ బిగించినవాడు మెకానిక్ క్లెమ్ హ్యాకెట్. ఆమెకు ఎగరడం నేర్పిన పెద్దాయన పోయిన ఏడు అలాంటి సీటు వల్లనే పోయాడు. నేల విడిచిన క్షణంలో అది వెనక్కి జారింది; చేతిలోని స్టీరింగును ఆయన తనతో లాక్కొన్నాడు; విమానం ముక్కు పైకెత్తి కూలింది.

వరండాలో వంటావిడ మావిస్ రొట్టె కోస్తున్నది. క్లెమ్ టీ ఊదుకొంటున్నాడు.

"సీటు గట్టిగా కూర్చుందా క్లెమ్?" అని అడిగింది నెరిడా.

"గట్టిగానా? నన్నా అమ్మాయ్ ఆ మాట అడుగుతున్నావ్! నా కళ్లకి గంతలు కట్టు, చివరనున్న అడ్డుబోల్టు తీసి, పిన్ను పైకెత్తి, ఉయ్యాల్లోంచి చంటిదాన్ని తీసినట్టు సీటు తీసేస్తా. మళ్లీ అంత మెత్తగానూ పెడతా. ఓసారి ఉప్పుసరస్సు దగ్గర ఓ ముసలి విమానానికి ఇలాగే బిగించి, చూద్దామని నేనే తీసుకెళ్లా. పైకెళ్లానో లేదో, సుడిగాలి! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీ ఆవిడకి ప్రాణం లేచొచ్చింది," అన్నది మావిస్.

"రెక్కలు పోయాయి. తోక పోయింది. ఇంజనైతే నాకు వీడ్కోలైనా చెప్పకుండా పోయింది. సీటు మాత్రం కదల్లా!"

"విమానమే లేకపోతే సీటు దేన్ని పట్టుకుందయ్యా?"

"పట్టాల్ని!"

"మరి పట్టాలు?"

"నా బిగింపుని! నువ్వు రొట్టె కొయ్యి తల్లీ."

నెరిడా తెలియకుండానే నవ్వింది. దూరాన వరదనీరు బంగారు రేకులా మెరుస్తున్నది. అతని గొంతు ఆ వెలుగు మీద తేలివస్తున్నట్లు తోచింది.

"గాలి ఆగిపోయింది. నేనూ, సీటూ, సంధ్యా. కింద సరస్సంతా గులాబి రంగు. రెండు గూడబాతులు వచ్చి చెరోపక్కా పట్టాల మీద వాలి, ఎక్కడికి పోవాలన్నట్టు నావైపు చూశాయి. మీ ఇష్టమన్నా. మబ్బుల్లోంచి తీసుకెళ్లాయి, కొత్త దూది వాసన. ఓ కునుకు తీశా కూడా. లేచేసరికి ఎదురుగా చంద్రుడు, ఇదిగో, ఈ స్తంభమంత దూరంలో! దగ్గర్నుంచి చూస్తే పాపం, వదులైపోయాడు, అటూ ఇటూ జారుతున్నాడు. చూస్తూ ఊరుకుంటానా? సీటుకున్న పిన్ను పీకి ఆయనకి దిగ్గొట్టా. అప్పట్నుంచీ ఒక్కరోజైనా ఆకాశంలోంచి జారాడేమో చెప్పండి!"

మావిస్ కత్తి పక్కన పెట్టింది. "మరి పిన్ను లేని సీటు మీద నువ్వెలా వచ్చావు?"

"జారుతూ వచ్చా!"

మావిస్ పడీపడీ నవ్వింది. నెరిడా నవ్వలేదు. ఎండ వాలింది. ఆమె లేచి టోపీ పెట్టుకొన్నది.

"పద క్లెమ్. సీటు బిగించినవాడు మొదటిసారి పక్కన కూర్చోవాలిగా. మన దగ్గర ఎప్పుడూ అంతే."

అతని కప్పు పెదవుల దగ్గరే నిలిచింది.

"ఇవాళేనా? పిండి బస్తాలకే చోటుండదేమో..."

"నీ చోటు వదిలే సర్దాను."

క్లెమ్ కప్పు కింద పెట్టాడు. తర్వాత, తన గొంతు కాదేమో అన్నంత మెల్లగా, "ముందు ఒక్కసారి ఊపి చూసుకుందామమ్మాయ్," అన్నాడు.

విమానంలో నెరిడా తన సీట్లో కూర్చుని, రెండు పాదాలతో ముందున్న పలకను గట్టిగా తన్నింది. సీటు చప్పుడైనా లేకుండా వెనక్కి సాగి, బస్తాలకు తగిలి ఆగింది.

క్లెమ్ మోకాళ్ల మీద వంగాడు. పిన్ను పట్టాలోని రంధ్రంలో పడక అంచున కూర్చున్నది. పట్టా చివర సీటును ఆపే అడ్డుబోల్టు లేనే లేదు. బోల్టు తెచ్చి బిగించాడు, పిన్ను 'టక్' మనేదాకా సీటును జరిపాడు. "తన్ను," అన్నాడు. ఆమె తన్నింది. కదలలేదు. "ఇంకా గట్టిగా." కదలలేదు. పక్కసీటునూ అలాగే తానే కూర్చుని తన్ని చూసుకొని, బెల్టు పెట్టుకొన్నాడు.

ఇంజను మోత అందుకొన్నది. విమానం లేచే మట్టిబాట చివర నెరిడా అతనివైపు తిరిగింది.

"ఏం క్లెమ్, కథేమీ లేదా?"

"దిగాక చెప్తా," అన్నాడు, రెండు చేతులా సీటు అంచు పట్టుకొని.