పొంగలి కింద కాలిన ఇంజను

నా పేరు శకుంతలమ్మ. భర్త పేరు తిరుమలయ్య. నా వయసు నలభై ఆరు. ఇంటి పని చూసుకుంటాను. తిరుపతిలో గంగమ్మ గుడికి రెండు వీధుల అవతల మా కాపురం. చదవడం, రాయడం వచ్చు. ఈ రోజు 1982 మే 20, గురువారం. ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు స్టేషనుకు వచ్చాను. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వచ్చాను.

మా వీధి మొదట్లో సైకిలు షాపు పెట్టుకున్న కాశింవలిని నిన్న ఉదయం ఇక్కడికి తీసుకువచ్చారు. మా వీధిలో మిద్దె ఇంటి ప్రేమానందం గారి షెడ్డులోని పాత రేసు మోటారు సైకిలు ఇంజను పోయిందని, దాన్ని కాశింవలి దొంగిలించి మా సైకిలుకు బిగించాడని ఫిర్యాదు. మా సైకిలుకు బిగించిన ఇంజను ప్రేమానందం గారిది కాదు. అది కొయ్యది. ఎందుకు చేయించానో, ఎలా చేశారో, ఇప్పుడు ఎందుకు లేదో వరసగా చెబుతాను.

పోయిన ఏడు ఆగస్టు 9న నా భర్తకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట సగం సగం వచ్చేది. మళ్ళీ కాలు ఆడితే జాతరలో దొర వేషం వేయిస్తానని గంగమ్మకు మొక్కుకున్నాను. ఈ ఏడు మార్చి నాటికి కర్ర పట్టుకొని నడిచారు. మొక్కు సంగతి చెబితే, "దొరకు... బండి?" అని సగం సగంగా అన్నారు. ఆయనకు ఎనిమిదేళ్ళప్పుడు కార్వేటినగరం వీధిలో ఒక తెల్లదొర రేసు మోటారు సైకిలు మీద పడుకున్నట్టు వంగి పోయాడట. ఆ బండి గురించి మా పెళ్ళయిన వారం నుంచి వింటున్నాను.

మా ఇంట్లో మామగారి సైకిలు ఉంది. యుద్ధానికి ముందు కొన్నది. పదేళ్ళుగా ఎవరూ తొక్కలేదు. ఏప్రిల్ 23న దాన్ని కాశింవలి షాపుకు తోసుకువెళ్ళి, దీన్ని దొర బండి చెయ్యాలని అడిగాను. అతను బండి చుట్టూ రెండు సార్లు తిరిగాడు.

"చేస్తా అక్కా. అయితే నేను అట్లా బండి చూడలేదే. యాడైనా ఒకటి ఉండాదా?" అన్నాడు.

ప్రేమానందం గారి షెడ్డులో ఒకటి ఉందని చెప్పింది నేనే. మరునాడు, అంటే ఏప్రిల్ 24న, సాయంత్రం నాలుగు గంటలకు అతన్ని అక్కడికి తీసుకువెళ్ళింది నేనే. ప్రేమానందం గారు ఊళ్ళో లేరు. కావలి మనిషి మునిరామయ్య తలుపు తీశాడు. పూలు కట్టే దారంతో ఇంజను కొలత తీసుకున్నాను. ఎత్తుకు ఒక ముడి, వెడల్పుకు రెండు ముళ్ళు, గొట్టం పొడవుకు మూడు ముళ్ళు. రవికకు అలాగే తీస్తాను, నాకు తెలిసిన పద్ధతి అదే.

"ఇంజనుకు రవిక కుట్టిస్తావా ఏంది అక్కా?" అని కాశింవలి నవ్వాడు. మునిరామయ్య కూడా నవ్వాడు. ఆయన్ని అడిగితే చెబుతాడు.

ఏప్రిల్ 26 నుంచి మే 14 వరకు పని జరిగింది. మట్టిరేకులు, చైను మీది రేకు తీసేశారు. హ్యాండిలు తలకిందులుగా తిప్పి బిగించారు. అలా తిప్పితే మనిషి తనంతట తానే ముందుకు వంగుతాడు. పెట్రోలు ట్యాంకుకు నేను పేపరు కత్తిరించి ఇచ్చాను, కాశింవలి దాని ప్రకారం నూనె డబ్బాల రేకు కోసి అతికించి ఎర్ర రంగు వేశాడు. ఇంజను మాత్రం బొమ్మలు చెక్కే గురప్ప చేశాడు. మామిడికాయల పెట్టెల చెక్కతో పదకొండు గుండ్రటి బిళ్ళలు కోసి, ఒకదాని మీద ఒకటి ఇనుప కడ్డీకి గుచ్చాడు. కింద దుంగ ముక్క. దాని మీద వెండి రంగు, అంచుల్లో దీపం మసి. రెండు అడుగుల దూరం నుంచి చూస్తే నాకే ఇనుము అనిపించింది. గురప్ప పోయిన ఆదివారం గూడూరులో కూతురింటికి వెళ్ళాడు. కబురు పెడితే వస్తాడు. తమరి ఎదుటే ఇంకొకటి చెక్కుతాడు.

మే 13, గురువారం నాడు కాశింవలి షెడ్డు దగ్గర ఒంటరిగా కనిపించాడని మునిరామయ్య చెప్పినట్టు తమరు అన్నారు. నిజమే. ఆ రోజు పంపింది నేను. పొగ గొట్టం కుడివైపు అని అతను, ఎడమవైపు అని నేను.

"కుడి పక్కే అక్కా, నా కంట్లో ఉండాది," అన్నాడు.

"కంట్లో ఉంటే సాలదు, పోయి సూసిరా," అని తరిమాను.

వెళ్ళి చూసి వచ్చాడు. కుడివైపే. నేను అంత పట్టు పట్టకపోతే అతను ఆ రోజు అక్కడికి పోయేవాడు కాదు.

మే 15, శనివారం, జాతర వారంలో దొర వేషం వేసే రోజు. ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు బయలుదేరాము. నా భర్త ఒంటికి గంధం, నడుముకు వేపాకు, తలకు టోపీ. కాశింవలి సీటు వెనక పట్టుకొని పక్కనే పరుగెత్తాడు. మూల తిరిగాక నా భర్త, "వదులు వలీ," అన్నారు. రెండు మాటలూ పూర్తిగా అన్నారు. కాశింవలి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతను వదిలాడు. మూడు ఇళ్ళ దూరం నా భర్త ఒక్కరే తొక్కారు.

ఇంజను ఆడుతున్న చప్పుడు మిద్దె మీదికి వినబడిందని ప్రేమానందం గారు ఫిర్యాదులో రాశారట. ఆయన అబద్ధం రాయలేదు. ఆ చప్పుడు నా భర్త నోటితో చేశారు. తొమ్మిది నెలలు నీళ్ళు కావాలన్నా చెయ్యి చూపిన మనిషి, ఆ మూడు ఇళ్ళ దూరం గొంతు ఎత్తి డుగ్ డుగ్ అని ఆపకుండా చేశారు. నేను వెనక నడుస్తూ విన్నాను. ఇది కేసుకు అవసరమో కాదో నాకు తెలియదు. రాయండి.

షెడ్డులో ఇంజను ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. సోమవారం చూసుకుంటే లేదని ప్రేమానందం గారు అంటున్నారు. శనివారం మా బండికి అలాంటిదే కనబడింది కాబట్టి ఆయన అలా అనుకున్నారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకుంటాను.

ఇక ఆ కొయ్య ఇంజను సంగతి. మొక్కు తీరాక వేషం సామాను ఇంట్లో ఉంచుకోకూడదని మా అత్తగారి వాడుక. కాలేది ఏదైనా ఉంటే జాతర ఆఖరి రోజు అమ్మవారి పొంగలి కింద పెడతాము. మంగళవారం, మే 18, తెల్లవారుజామున ఐదు గంటలకు ఇంజను విప్పాను. రంగు అంతా కత్తిపీటతో గీకాను. బిళ్ళ తరవాత బిళ్ళ పొయ్యిలో పెట్టాను. మా ఆడబిడ్డ నాగులమ్మ పక్కనే ఉంది.

"ఏం వదినా, అమ్మోరికి పెట్రోలు పొంగలి పెడతావా?" అని ఎకసెక్కం చేసింది.

ఎనిమిది బిళ్ళలకు పొంగలి పొంగింది. మిగిలిన మూడింటినీ, దుంగ ముక్కనూ అదే పొయ్యిలో వేశాను. కాశింవలి ఇంటికి గిన్నెతో పొంగలి పంపాను. ట్యాంకు విప్పి, హ్యాండిలు సరిచేసి, సైకిలుకు మట్టిరేకులు తిరిగి బిగించి అతనే ఇచ్చి వెళ్ళాడు. అందుకే నిన్న మీ కానిస్టేబులు వచ్చినప్పుడు మా ఇంట్లో మామూలు సైకిలు కనబడింది. దాచలేదు. కాల్చాను. కాల్చింది కాశింవలి కాదు, నేను.

తమరు నమ్మడానికి ఒక మాట చెబుతాను. శనివారం ఎనిమిదింబావుకు ఆ బండిని మా ఇంటి మూడు మెట్లు నేను ఒక్కదాన్నే ఎత్తి ఎక్కించాను. వీధిలో పదిమంది చూశారు. ఇనుప ఇంజను ఉంటే నా చేత కాదు. నా భర్త కాలికి దాన్ని నిలబెట్టే బలం కూడా లేదు.

ఈ ఉదయం ఎనిమిది గంటలకు కాశింవలి భార్య గౌసియా బీ మా గుమ్మం దగ్గరికి వచ్చి లోపలికి రాకుండా నిలబడింది. నిన్న మధ్యాహ్నం అన్నం తెచ్చి ఇక్కడ భర్తతో మాట్లాడిందట.

"మీకు చెప్పొద్దనే చెప్పినాడమ్మా. ఇంజను యాడ అని అడిగితే పొంగలి కింద పోయింది సార్ అన్నాడంట. ఎగతాళిగా ఉండాదా అని తిట్టినారంట. షెడ్డుకు ఎవురు తీసుకుపోయినారంటే పని మీద పోయినానని అన్నాడంట, అంతే. సంసారి ఆడమనిషిని స్టేషనుకు లాగేదేందిలే, జబ్బు మనిషి ఇంట్లో ఉండాడు, అన్నాడమ్మా," అని చెప్పి ఏడ్చింది.

నా పేరు ఒక్క సారి చెప్పి ఉంటే కాశింవలి నిన్న మధ్యాహ్నానికే ఇంట్లో ఉండేవాడు. చెప్పలేదు. నా భర్తకు తొక్కే ధైర్యం ఇచ్చింది అతను. పట్టుకున్నదీ అతనే, వదిలిందీ అతనే. ఆ పందొమ్మిది రోజులూ ఈ పని ఎందుకని ఒక్క సారి కూడా అడగలేదు. నేను ఎన్ని సార్లు విప్పి మళ్ళీ బిగించమన్నా బిగించాడు. అతని మేలు నేను మరవను.

ఇది సంతకం చేస్తే నా పేరు కూడా కేసులోకి రావచ్చని తమరు రెండు సార్లు చెప్పారు. అర్థమైంది. గది అవతల నుంచి కాశింవలి వద్దని చెయ్యి ఊపడం చూశాను. అయినా చెబుతున్నాను. షెడ్డుకు తీసుకువెళ్ళింది నేను, రెండోసారి పంపింది నేను, పొయ్యిలో పెట్టింది నేను. అనుమానం తీరేదాకా ఎవరినైనా ఉంచుకోవాలంటే నన్ను ఉంచుకోండి. అతన్ని ఇంటికి పంపండి. మా ఆయనకు మధ్యాహ్నం మందు నాగులమ్మ ఇస్తుంది, చెప్పి వచ్చాను.

ఇందులో ఉన్నదంతా నేను చూసింది, చేసింది. విన్న మాటలను విన్నట్టే చెప్పాను. ఎవరూ నేర్పలేదు, ఎవరూ బెదిరించలేదు. తమరు చదివి వినిపించాక కాగితం చేతికి తీసుకొని నేనూ చదువుకున్నాను. "ముద్దాయి కాశింవలి" అని రాసిన నాలుగు చోట్ల ఆ మొదటి మాట కొట్టివేయించి, ప్రతి కొట్టివేత పక్కనా పొడి సంతకం పెట్టాను. అలా దిద్దిన తరవాతే ఇది నా వాంగ్మూలం.

(సంతకం) తి. శకుంతలమ్మ
20-5-1982, ఉదయం 11.50