లైనిండ్లకు కట్టిన కాపు

తిరువళ్ళూరు, 1938, అమ్మవారి పండగలు జరిగే ఆడి నెల. వడ్ల మిల్లు మొదలాళి, అంటే యజమాని, గేటుకు బీగం వేసి కూలీలందరినీ పనిలోనుంచి బయట నిలబెట్టి కొన్నాళ్ళయింది. మిల్లు వెనక, కూలీలు కాపురముండే లైనిండ్ల ముందర, వడ్లుడికించే అలిమేలమ్మ అంబలి కలుపుతూ ఉంది. ఒక బరువైన సంచి పట్టుకుని మిల్లు గుమాస్తా ఆదికేశవులు ఆమె ఎదుట నిలబడి ఉన్నాడు.

“చెప్పిందే ఎన్నితూర్లు చెప్పేది అలిమేలమ్మా? పొద్దు గూకేలోగా ఇండ్లు ఖాళీ చేయల్ల.”

“ఇంకొక్కతూరి చెప్పండి గుమాస్తయ్యా. మీ గొంతులో వింటే తీయగా ఉండాది.”

“ఎకసక్కేలొద్దు. మొదలాళి మాట మోసుకోని వచ్చినా.”

“మాట ఒకటేనా? ఆ సంచి ఏంది, అంత బరువుగా? ఆడి పండగని మాకు టెంకాయలు పంపించినాడా?”

“బీగాలు.”

“అయ్యో, ఎంత పెద్ద మనసు! మిల్లుకు వేసి ఇంకా మిగిలినాయా? మా ఇంటికి తలుపుంటే గదా అయ్యా. గోనె పట్టా కట్టుకోనుండాము. పట్టాకు బీగం ఎట్ల వేస్తారో చూపించండి, నేర్చుకుంటా.”

“తలుపు లేంది నీ ఒక్క ఇంటికే. నాకు తెలీదా?”

“తెలుసులే. తలుపు పెట్టించమని అడిగింది గూడా మిమ్మల్నే గదా. అది సరే, మేము చేసిన తప్పేంది? కూలి మునెయ్య కాలు జారి వడ్లుడికే తొట్టిలో పడి, తొడ దాకా బొబ్బలెక్కి పడుకోనుండాడు. ఇంకొకరు పడకుండా తొట్టి చుట్టూ నాలుగు కొయ్యలు నాటి అడ్డం కట్టమన్నాము. అంతే గదా?”

“అడిగే పద్ధతి ఒకటి ఉండాది.”

“అవునవును. పని నిలిపి అడిగితే తప్పు. పని చేస్తా అడిగితే మిషను సద్దులో మొదలాళికి వినబడదు. మునెయ్య తొట్టిలోనుంచే అడిగుంటే బాగుండు.”

“వాడు... ఇప్పుడెట్ల ఉండాడు?”

“దినామూ గంతులేస్తా ఉండాడు. లోపలికి రాండి, చూద్దురు.”

“నేను రాను. నాకు పనుండాది.”

“వాన్ని ఎత్తి రోడ్డులో పెట్టే పనే గదా? తల తట్టు పట్టుకుంటారా, కాళ్ళ తట్టా? కాళ్ళ తట్టు తోలు ఊడొస్తాది, చూసుకోండి.”

“అలిమేలమ్మా!”

“ఏందయ్యా?”

“యాడికన్నా పోండి. కనకమ్మ సత్రం తట్టు చేన్లలో కలుపుకు మనుషులు కావల్లంట. అత్తిమంజేరిపేటలో నీ తమ్ముడుండాడు గదా, ఆడికన్నా పో.”

“పోదామనే అనుకుంటిమి. పోలేము గదా. ఈ చెయ్యి చూడండి.”

“ఏంది, పసుపు దారం?”

“కాపు. మొన్న మంగళవారం అమ్మకు కాపు కట్టినాము. లైనులో అందరికీ, చంటిబిడ్డకు గూడా. కాపు కట్టినాక, పండగ ముగిసి దారం విప్పేదాకా ఊరి ఎల్ల దాటి పోయి పండుకోగూడదు. ఎల్ల లోపలుండేటోళ్ళను బయటికి తరమనూ గూడదు. మీకు తెలీంది కాదు.”

“అది ఊరికి. లైను మిల్లు జాగా. ఊరి ఎల్ల రోడ్డుతో సరి.”

“అట్లనా? పోయినేడు కలరా వచ్చినప్పుడు పూజారి వెంకటమునిని పిలిపించి, అమ్మ కరగం కుండను లైను చుట్టూ తిప్పించి, అదో ఆ మూల ఎల్లరాయి నాటించింది ఎవురు? మీ మొదలాళే గదా. కూలీలు చస్తే మిల్లు నిలిచిపోతాదని. కలరాకు మమ్మల్ని ఊర్లో చేర్చుకున్నాడు, బీగానికి ఊరి బయటోళ్ళమైపోయినామా?”

“అప్పుడేదో, భయంలో...”

“ఆ రాతికి టెంకాయ కొట్టింది మీరే. నాకూ ఒక చిప్ప పెడితిరి.”

“సరి, సరి, చాలు! అమ్మవారిని అడ్డం పెట్టుకోని ఎన్నాళ్ళు...”

“బీగాలు కొనే వసతి మాకు యాడుండాది అయ్యా? అమ్మైతే ఊరికే దొరుకుతాది. అవునూ, మొదలాళి రేపు పెరియపాళయం పోతాడంట గదా, భవానమ్మకు మొక్కు చెల్లించేకి? పోయి ఏమంటాడు? ‘తల్లీ, నీ కాపు కట్టుకున్నోళ్ళను రోడ్డులో కూర్చోబెట్టి వస్తి, నన్ను చల్లంగ చూడు’ అనా?”

“అది ఆయప్పనే అడుగు.”

“అడుగుదును, గేటుకు బీగం లేకుంటే. పాపం, మీరు ఎండలో వచ్చినారు. అంబలి పోస్తా, తాగండి.”

“వద్దు.”

“ఉప్పేసినా. నంజుకునేకి ఎర్రగడ్డ గూడా ఉండాది. వెండి చెంబులో తాగేటోళ్ళకు మా మట్టి సట్టి...”

“వద్దంటి గదా! పొద్దన్నుంచి గొంతులో ఏమీ దిగల్యా.”

“ఏం, ఇంట్లో వంట చేయలేదా?”

“చేయలేదు.”

“మీ ఇంటామె దేవకమ్మకు ఒళ్ళు బాగలేదా? చల్లని తల్లి. మిల్లు బావికి దారి మూసినప్పటినుంచి మీ పెరట్లోనే గదా మేము నీళ్ళు తోడుకునేది. ఈ అంబలి గూడా ఆ నీళ్ళే...”

“ఆమె మాట ఎత్తొద్దు.”

“ఏం? మీకు చెప్పకుండా ఇస్తా ఉండాదా?”

“ఎత్తొద్దంటి గదా!”

“సరి, ఎత్తను. పొద్దన మా లైను సుబ్బమ్మ బిందె ఎత్తుకోని పోతే పెరటి తలుపు మూసుండాదంట. పిలిస్తే పలకలేదంట. గుమాస్తయ్య భార్య గదా, ఎన్నాళ్ళని పెడతాది, ఆయమ్మకూ మొదలాళి గుణమే వచ్చిందేమో అనుకుంటిమి.”

“అట్ల అనొద్దు. లోపలుంటే గదా పలికేది.”

“మరి?”

“బయట బీగముండాది.”

“ఓ, పుట్టింటికి పంపించేసినారా! మంచిదే లే. ఆడోళ్ళు ఇవన్నీ చూడగూడదు. మీరే బీగం వేసి...”

“నేను వేయలేదు.”

“మరెవురు?”

“మొదలాళి. మీకు నీళ్ళిచ్చిందని ఎవురో చెవిలో వేసినారు. మాదీ మిల్లు ఇల్లే గదా. పొద్దన్నే వచ్చి, పొయ్యి మీదుండే కుండ గూడా దించనీకుండా మమ్మల్ని బయటికి పంపి వేసినాడు. లైను ఖాళీ చేయించి వస్తే మా ఇంటి బీగంచెవి ఇస్తానన్నాడు.”

“అయ్యో, మిమ్మల్ని గూడానా!”

“ఏం, ఇప్పుడు నవ్వు రాలేదా? నవ్వు. ఇంతసేపు నవ్వినావు గదా, నవ్వు!”

“పిల్లోళ్ళు యాడుండారు?”

“స్టేషన్లో. గూడ్సు షెడ్డు పక్కన, పెట్టె మీద కూర్చోనుండారు, వాళ్ళమ్మతో.”

“ఏమన్నా తిన్నారా?”

“నేనే తినలేదంటా ఉండా...”

“ఆ సంచి కింద పెట్టి చెయ్యి ఇట్ల చాపు.”

“ఎందుకు?”

“చాపు నాయనా.”

“వద్దు అలిమేలమ్మా. ఈ దారం కట్టుకోని పోయి నిలబడితే నా కుర్చీ పోతాది.”

“ఇల్లే పోయినాక కుర్చీ యాడ వేసుకుంటావు? కదలకుండా ఉండు... ఆ, అయింది. ఇదో, ఈ దారం ఎత్తుకోని పరిగెత్తు. ఆయమ్మకూ పిల్లోళ్ళకూ కట్టి పిల్చుకోని రా. మునెయ్య పక్కన చాప పరిచి పెడతా. పొద్దు గూకేలోగా రావల్ల చూడు, స్టేషను ఎల్ల బయట ఉండాది.”