మొర్రి పిల్లకి పాలు

హలో… ఆసుపత్రేనాండీ? పురుళ్ల వార్డు సిస్టరుగారు, తెరేసమ్మగారున్నారాండీ… ఆ, మీరేనా అమ్మా. నేనండీ, మంగళగిరి నుంచి రావమ్మని. మగ్గాలవాళ్లం… అవునండీ, ఆ గ్రహణమొర్రి పిల్ల నాయనమ్మని.

ఆదిశేషయ్యగారి చీరల కొట్లోంచి మాట్లాడుతున్నా. ట్రంకు కాలు ఇప్పటికి కలిసింది… బాగాలేదమ్మా. పొద్దున్నే పాలు పడుతుంటే పొరబోయింది. నోట్లోంచి, ముక్కులోంచి పాలే. పిల్ల నీలంగా అయిపోయింది తల్లీ. కాసేపు ఊపిరే లేదు…

బోర్లా వేసి వీపు తట్టాం. అప్పుడు ఏడ్చింది…

ఇప్పుడా… ఊపిరి బాగానే తీస్తోంది. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. ఆకలికి గుప్పిట నోట్లో పెట్టుకుంటోంది… లేదండీ, పొద్దుటి నుంచి చుక్క పట్టలా. భయం. పడితే పోతుందేమోనని, పట్టకపోతే పోతుందేమోనని.

— ఎవరు పట్టారంటే… కోడలే పట్టింది. మా సుందరి… ఆ, మీరిచ్చిన సీసాతోనే. సూది కాల్చి పాలపీకకి బెజ్జం పెద్దది చేశారే, అదే… ఆ, కూర్చోబెట్టే పట్టింది.

ఏంటమ్మా? … అలా పట్టినా పొరబోయిందంటే ఇక సీసా వద్దా? … ముక్కులోంచి పొట్టలోకి గొట్టమా? ఎన్నాళ్లు? … తల్లి చేత పట్టించొద్దా…

ఉండండి సిస్టరుగారూ. ఒక్క క్షణం ఉండండి.

… అబద్ధం చెప్పానండీ.

కోడలు కాదు, నేను పట్టాను. సీసాతో కాదు, ఉగ్గుగిన్నెతో… ఆ, కాళ్లు చాపుకుని, కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి. నలుగుర్ని అట్టాగే పెంచానమ్మా. పన్నెండు రోజుల పిల్లని కూర్చోబెడితే మెడేం నిలుస్తుంది అనుకున్నా. సీసాతో అయితే గంట పడుతోంది. అది స్నానానికి వెళ్లింది చూసి గిన్నె వంచేశాను.

… తిట్టండి. మీరు చెప్పారు. అంగిట్లో చీలిక ఉంది, పడుకోబెట్టి పొయ్యొద్దని రెండుసార్లు చెప్పారు. వినపడింది, బుర్రకెక్కలా…

ఇంటిల్లిపాదీ దాన్నే అన్నారు. గ్రహణం నాడు బయటికెళ్లి పిల్లకి మొర్రి తెచ్చింది, ఇప్పుడు పాలు పట్టడం కూడా చేతకాలేదని. నేను నోరు మెదపలా.

… గ్రహణం వల్ల కాదా? నిజంగానా? … మరి ఆ మాట కూడా నేనే అన్నానండీ, అందరికంటే ముందు.

ఇక్కడే ఉంది. గడప దగ్గర, పిల్లనెత్తుకుని… వింది. అంతా వింది.

సుందరీ, ఇట్రా. సీసా తెచ్చావా? ముందు పిల్లకి పట్టు. నన్ను తర్వాత తిట్టుకుందువుగాని.

… కూర్చుందండీ. పిల్లని నిటారుగానే పట్టుకుంది, తల చేతి మీద ఉంది. పాలపీక చీలిక లేని వైపు పెట్టింది… ఆ, మెల్లగానే… అయ్యో, ముక్కులోంచి వస్తున్నాయమ్మా. మళ్లీ వస్తున్నాయి… సుందరీ, సీసా తియ్యి. కాస్త ముందుకి వంచు. తుమ్మనివ్వమంటున్నారు…

తుమ్మింది. … లేదు, రంగు మారలేదు. నోరు తెరుస్తోంది. పట్టమ్మా, పట్టమంటున్నారు.

… మింగింది.

ఇంకో గుక్క… ఆ, మింగేదాకా ఆగే పడుతోంది. నేను చెప్పక్కర్లేకుండానే ఆగుతోందండీ.

… అలాగేనమ్మా. తాగాక బస్సెక్కుతాం. పొద్దుటి పాలు ఛాతీలో చేరాయేమో డాక్టరుగారు చూడాలంటే ఇక ఆలస్యం చెయ్యం… పిల్లకేం కాదుగా? … చూస్తేగానీ చెప్పలేరా. సరే…

ఆరు నిమిషాలయ్యాయట, ఆపరేటరు కట్ చేస్తానంటున్నాడు.

ఎవరు, సుందరేనా? … నా వంక చూడటంలా… చూడకపోతే మానె. పిల్ల గొంతు వంక చూస్తోంది, రెప్ప కూడా వెయ్యట్లా. … ఉంటానమ్మా, వచ్చేస్తున్నాం.